మూడోసారి మార్చిన బ్రేకులు

"పట్టనేదు రజనీ, బ్రేకు పట్టనేదు!" అని మా ఆయన పక్క సీట్లోంచి మళ్లీ అరిచారు.

కారు ఆవుకి నాలుగడుగుల ఇవతలే ఆగింది. భిలాయిలోని రుఆబాంధా మలుపులో ఆ ఆవు నెమరేసుకుంటూ మమ్మల్నే చూస్తోంది.

ఈయన గోల పడలేక ఆర్నెల్లలో ముందు ప్యాడ్లు మార్పించాను, తర్వాత పెద్ద డిస్కులు వేయించాను. నిన్న వెనక చక్రాల డ్రమ్ము బ్రేకులు కూడా తీయించి డిస్కులే పెట్టించాను. "దీదీ, ఈ కారుకి ఇంతకంటే గట్టి బ్రేకు రాదు, బస్, అంతే!" అని మెకానిక్ దండం పెట్టేశాడు. పోనీ, ఈయన మాట కొట్టిపారేద్దామా అంటే, భిలాయి స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్లు కరిగిన ఇనుము మోసే రైలింజను నడిపి, చుక్క తొణక్కుండా ఆపిన మనిషి.

"ఇంకేటి మార్పించమంటారు? కారే మార్చీమంటారా?"

"నాకు తెలస్తంది కదా! ఎంత తొక్కినా ఆగట్నేదు..."

ఒళ్లు మండి కారు దిగాను. చుట్టూ తిరిగి వెళ్లి ఆయన వైపు తలుపు తీశాను. ఆయన కుడికాలు ఇంకా బిగుసుకునే ఉంది. ఆ పాదం కింద మ్యాటు అరిగి, రూపాయి బిళ్లంత చిల్లు పడింది.

కంటి డాక్టరు ఈయన్ని ఇక కారు నడపొద్దన్న రోజే, తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. అదీ ఆర్నెల్ల కిందటే.

తలుపు మెల్లగా వేసి, వచ్చి నా సీట్లో కూర్చున్నాను.

"మెకానిక్ దగ్గరికేనా?" అన్నారు.

"కాదండీ. మ్యాటొకటి కొందాం. బాగా మందంగా ఉన్నది."