నలుపుకు ముందు ఎరుపు

పొద్దుటి నుంచి ముసురు. రంగుల షెడ్డులో నూలు ఆరడం లేదని అత్త మధ్యాహ్నానికే ఇంటికొచ్చి, కోడల్ని పెరటి గుమ్మంలో పీట మీద కూర్చోబెట్టింది. బ్లీచు చేయించుకున్న జుట్టు ఎండుగడ్డిలా పసుపుగా ఉంది.

“మొన్న చెవి వెనక రాసిన రంగు దురద పెట్టిందా?”

“లేదత్తయ్యా. తొందరగా నలుపు పూసేయండి. ఆయన ఆరింటికి వచ్చేస్తారు.”

“ఆగవే. బ్లీచు చేశాక నూలైనా జుట్టైనా ఒకటే. నేరుగా నలుపు వేస్తే ఆకుపచ్చ తేలుతుంది. ముందు ఎరుపు పట్టించాలి.”

ఒక్క పాయకు పూసి చూసి, తర్వాత తలంతా పట్టించింది. వీధిలో మోటారు సైకిలు ఆగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. పక్కింటాయన.

“ఈ గడ్డివాము నెత్తికెత్తుకునేటప్పుడు నన్ను అడిగావా?” అంది అత్త. “మంటగా ఉంటే చెప్పు, కడిగేద్దాం.”

“మంట లేదు. కానివ్వండి.”

ఎరుపు కడిగి నలుపు పూసింది. జుట్టు రంగు పెట్టె మీద రాసిన సమయానికి నిమిషం కూడా ఎక్కువ ఉంచలేదు. నాలుగున్నరకు జుట్టు నల్లగా ఆరింది.

అత్త బీరువా వెనక నుంచి బట్టల సంచి తీసి కోడలి చేతికిచ్చింది.

“బస్టాండులో వాడు పసుపు జుట్టు పిల్ల ఎటు వెళ్లిందనే అడుగుతాడు. తలెత్తుకుని బస్సెక్కు. మళ్లీ రాకు.”

“మిమ్మల్నీ కొడతారత్తయ్యా.”

“నా కొడుకే కదా. నేను చూసుకుంటాలే.”

కొడుకు ఆరింటికి వచ్చాడు. కోడలు అయిదుంబావు బస్సుకు వెళ్లిపోయింది.