ఎర్ర గదిలో పైన్ కాయ

"జేబులో పెట్టుకున్నది బయటికి తీయండి పెద్దాయనా!"

తలుపు దగ్గర కాపలా స్టూలు మీద నుంచి హిల్డా లేచి నిలబడింది. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది. వెల్డ్రిక్ హాల్ ఎర్ర గదిలో కిటికీ పక్కన నిలబడి గులాబీ తోట చూస్తున్న జంట తోటను వదిలేసి ఇటు తిరిగింది. ముసలాయన చెయ్యి కోటు జేబులోనే ఉండిపోయింది.

"నేనేం తీశానమ్మా?"

"నన్నే అడుగుతున్నారా? ఆ కుర్చీలో ఉండాల్సిన పైన్ కాయ ఏది?"

జనం చూడ్డానికి వచ్చే ఆ పాత భవనంలో కుర్చీల మీద 'కూర్చోరాదు' అని బోర్డులు పెట్టరు. దొరల ఇల్లు కదా, వచ్చినవాళ్ళని మొహం మీదే వద్దనడం మర్యాద కాదని ఒక ఎండిన పైన్ చెట్టు కాయ పెట్టి ఊరుకుంటారు. గుచ్చుకునే దాని మీద కూర్చునే సరదా ఎవరికుంటుంది?

"కాళ్ళు పీకుతుంటే చెప్పండి, నడవాలో బెంచీ ఉంది. అంతేగానీ ఆ కుర్చీలో మాత్రం కుదరదు" అంది హిల్డా.

"కూర్చోడానికి కాదమ్మా. నాకు కాయే కావాలి."

"కాయ కావాలా! అయితే తోటలోకి వెళ్ళండి. పైన్ చెట్ల కింద కాళ్ళకి అడ్డం పడేన్ని ఉన్నాయి. బుట్టెడు ఏరుకోండి, వద్దనేవాళ్ళు లేరు."

"ఏరుకెళ్ళానమ్మా, పనిచెయ్యలేదు." ముసలాయన గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో ఒక కుర్చీ ఉంది. దాంట్లో ఎవరూ కూర్చోకూడదు. తోటలో కాయ తెచ్చి పెడితే చెత్త అనుకుని నిప్పుల్లో పడేశారు. దీనికైతే ఆకుపచ్చ రిబ్బను ఉంది. ఇది చూస్తే తెలుస్తుంది."

హిల్డా కోపం చప్పున చల్లారిపోయింది.

"మీ ఆవిడ... ఆవిడ కోసమా?"

"ఆవిడ కోసమే."

వాళ్ళాయన చనిపోయి వారం తిరక్కుండానే హిల్డా ఆయన కుర్చీని పాత సామాన్ల కొట్టుకి దానం ఇచ్చేసింది, చూస్తే ఏడుపొస్తోందని. ఇప్పుడు ఇంట్లో ఆ ఖాళీ చోటు చూస్తే ఏడుపొస్తోంది.

"మా ఆయన కుర్చీలో ఇప్పుడు ఎవడు కాళ్ళు బారజాపుకున్నాడో!" అంది కళ్ళు తుడుచుకుంటూ. "మీరు నాలా తొందరపడలేదు. తీసుకెళ్ళండి. పైవాళ్ళు అడిగితే ఉడుత ఎత్తుకుపోయిందంటాను."

"రిబ్బను ఊడదు కదా?"

"అదా? నేను ఈ వేసవిలోనే చేరాను, ఎవరు కట్టారో నాకు తెలీదు గానీ, ఆ ముడి విప్పడం మాత్రం ఎవరి తరమూ కాదు."

ముసలాయన మొదటిసారి నవ్వాడు.

"మా ఐవీ కట్టిందమ్మా. మా ఆవిడే. మీకంటే ముందు ఆ స్టూలు ఆవిడదే."

"అయ్యో, నాకు తెలీదండీ! ఎప్పుడు పోయారు?"

"పోలేదమ్మా. ఇంట్లోనే ఉంది. మతి పోయింది, అంతే." ముసలాయన కుర్చీ వైపు చూశాడు. "మా ముందుగదే ఈ ఎర్ర గది అనుకుంటోంది. నేను తెచ్చిన కాయల్ని నిప్పుల్లో వేసింది కూడా ఆవిడే, గదిలో చెత్త ఉంటే ఊరుకోదు. కుర్చీలో రిబ్బను కాయ లేదు కదా, ఎవరైనా కూర్చుంటారేమోనని పొద్దస్తమానం దాని ముందే నిలబడి ఉంటుంది. ఎంత బతిమాలినా కదలదు. కాళ్ళు వాచిపోయాయి. ఈ కాయ ఉంటే వెళ్ళి స్టూలు మీద కూర్చుంటుంది."

కిటికీ దగ్గరి జంట చప్పుడు చేయకుండా పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

"ఇప్పుడు ఆవిడ దగ్గర ఎవరున్నారు?"

"పక్కింటావిడని ఉంచి వచ్చాను. పాపం, ఈపాటికి ఐవీ ఆవిడకి గదంతా చూపిస్తూ ఉంటుంది."

"మరి మీ ఇంట్లో ఆ కుర్చీ ఎవరిది?"

"నాదే."

"మీదా! దాంట్లో కాయ పెట్టేస్తే మీరెక్కడ కూర్చుంటారు?"

ముసలాయన కాయను జేబులో భద్రంగా సర్దుకుని టోపీ పెట్టుకున్నాడు.

"చూడ్డానికి వచ్చినవాళ్ళు కూర్చోకూడదు కదమ్మా. నాతో ఎంత మర్యాదగా మాట్లాడుతుందో! 'తోట కూడా చూసి వెళ్ళండి, గులాబీలు బాగున్నాయి' అంటుంది. సాయంత్రం కాగానే, 'మూసే వేళైందండీ, మళ్ళీ ఎప్పుడైనా రండి' అని నన్ను బయటికి పంపి తలుపేసుకుంటుంది."