రోటరు తీసినవా?

“రోటరు తీసినవా, లేదా?”

వకీలు రామ్‌చందర్ సాబ్ అడిగిన ఈ ఒక్క మాటకే డ్రైవర్ బసవయ్య చూపు వాకిలి వైపు పోయింది. మొఘల్‌పురాలో సాబ్ ఉండే ఆ పెద్ద దేవిడీ వాకిట్లో పొద్దున తాను నిలబెట్టిన మోటారు ఇప్పుడు లేదు. చక్రాల గుర్తులు మాత్రం ఉన్నాయి.

లడాయి రోజులు, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. కొత్త టైరు కంటికి కనపడ్డం లేదు, పెట్రోలు కూపన్ల మీద ఇస్తున్నారు, మోటారు దొంగలు ఊరి మీద పడ్డారు. తాళంచెవి బండికే వేలాడుతుండేది, ధైర్యమంతా రోటరు మీదే. బండి ఆపగానే బానెట్ ఎత్తి, రెండు క్లిప్పులు ఊడదీసి, బొటనవేలంత నల్లటి రోటరు ముక్కను తీసి జేబులో వేసుకోవడం బసవయ్య పని. అది లేకపోతే దేవుడు దిగొచ్చినా ఇంజను కదలదు.

ఇవాళ తీయలేదు. శుక్రవారం కోర్టు కచేరీకి సెలవు, సాబ్ భోంచేసి పడుకున్నారు. ఒక్క చాయ్ తాగి రావడానికి బానెట్ ఎవడెత్తుతాడులే అని బద్ధకించి ఇరానీ హోటల్‌కి పోయాడు. అక్కడ కబుర్లలో పడి, తిరిగొచ్చేసరికి వాకిలి బోసిగా ఉంది.

“తీసిన సాబ్,” అన్నాడు.

“తీస్తే బండెట్ల పోతది? రెక్కలొచ్చినయా? తీసి యాడ వెట్టినవ్?”

“నా కోటు జేబుల వెట్టిన. కోటు గేటు కాడ మేకుకు తగిలిచ్చి చాయ్‌కి పోయిన. వచ్చి చూస్తే జేబు ఖాళీ.”

అన్నాక గాని తానేమన్నాడో అర్థం కాలేదు. గేటు దగ్గర పగలంతా ఉండేది ముసలి కావలి గుండయ్య ఒక్కడే. సాబ్ అప్పటికే అతని వైపు తిరిగారు.

“మోటారు ఎవడు తీస్కపోయిండు?”

“చూడలే సాబ్.”

“గేటు కాడనే ఉంటివి గద?”

“ఉంటి. చూడలే.”

గుండయ్య బసవయ్యను ఒకసారి ఎగాదిగా చూశాడు. ఏదో అడగబోయి, సాబ్ ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

సాబ్ పోలీసు చౌకీకి కబురు పెట్టారు. వచ్చిన జవాను మాటలతో పెట్టుకోలేదు. గుండయ్య చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టాడు. వీపు మీద రెండు చరిచాడు. “చెప్పు, రోటరు తీసి ఎవనికిచ్చినవ్?”

“నాకు ఎరుక లేదు జవాన్ సాబ్.”

మూడో దెబ్బకు గుండయ్య తలపాగా ఊడి మట్టిలో పడింది. పొద్దున ఇదే మనిషి తన బీడీ సగం తుంచి బసవయ్య నోట్లో పెట్టాడు. తాను నోరు విప్పితే నౌకరీ పోతుంది, విప్పకపోతే ముసలాయన చౌకీలో సచ్చిపోతాడు. తన పాపం ఇంకొకడు మోస్తుంటే నిలబడి చూస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“కొట్టకుండ్రి,” అన్నాడు. “సాబ్, రోటరు నేను తియ్యలే. బండికే ఉండె. నౌకరీ పోతదని అబద్ధమాడిన. గుండన్న ఏ పాపం ఎరుగడు.”

సాబ్ కోర్టులో మాట్లాడినట్టే మెల్లగా మాట్లాడారు. “నీ బద్ధకం నా మోటారును తిన్నది. దానికి నీ నౌకరీ పోయింది. నీ అబద్ధం ఈ మనిషిని తినవట్టె. దానికి చౌకీకి నువ్వు నడువు.”

జవాను తాడు విప్పాడు. బసవయ్య తనే చేతులు చాచాడు. “కట్టు భాయ్,” అన్నాడు. గుండయ్య ముఖంలోకి చూడ్డానికి మాత్రం ధైర్యం చాలలేదు.

అప్పుడే గల్లీ మలుపులోంచి దాసీ పుష్పమ్మ కేక వినిపించింది. “పర్దా! గోడకు తిరుగుండ్రి!”

కమల దొరసాని వచ్చినా పోయినా మగవాళ్ల కంటపడకూడదు. అలవాటైన ప్రాణాలు. జవానుతో సహా మగవాళ్లంతా గోడకు ముఖం పెట్టి నిలబడ్డారు. సాబ్ ఒక్కరే తిరగలేదు. సొంత భార్యకు తానెందుకు తిరుగుతారు? మోటారు వచ్చి వాకిట్లో ఆగింది. డ్రైవర్ ఇంటి దగ్గరే ఉండగా, మోటారు ఆడవాళ్లు తీసుకుపోయారేమోనని జనానాలో అడిగి చూద్దామని ఎవరికి తోస్తుంది?

“వంటామె ఆండాలుకు కాన్పు నొప్పులు లేస్తే దవాఖానల చేర్పిచ్చి వచ్చినం సాబ్,” అంటోంది పుష్పమ్మ. “డ్రైవర్ కోసం దేవిడంత ఎతికినం. లేకపాయె.”

బసవయ్య తల ఇంకా వంగిపోయింది. తాను చాయ్ దగ్గర పగలబడి నవ్వుతున్నప్పుడు ఇక్కడ ఒక ఆడమనిషి నొప్పులు పడుతోంది.

“మరి బండి ఎవరు తోలిండ్రు?” అన్నారు సాబ్.

పక్కనే గోడకు తిరిగి ఉన్న గుండయ్య గొంతు తగ్గించాడు. “పోయేటప్పుడు గూడ పర్దా అంటే గిట్లనే తిరిగిన బసవన్నా. తోలేది నువ్వేననుకున్న. నువ్వు నడుసుకుంట వస్తుంటే నా పాణమే పోయింది. కమల దొరసాని ఎవన్తోటో పోయిందని సాబ్‌కు ఏ నోటితోని చెప్పాలె? దెబ్బలే నయమనుకున్న.”

బసవయ్య కళ్లు మసకబారాయి. ఏదో అనబోయాడు.

వెనకాల బానెట్ లేచింది. ఒకటి, ఆ వెంటనే ఇంకొకటి, క్లిప్పులు ఊడాయి. రోజూ తన చేతికింద వినే చప్పుడే, కాని ఈసారి దాంతో పాటు బంగారు గాజులు గలగలమన్నాయి.