ఆచూకీ

“ఈ ఒడ్డుకి ఎప్పుడైనా శవం కొట్టుకొచ్చిందా?”

పొద్దున్నే, బోణీ కూడా కాకముందు అడగాల్సిన మాటేనా ఇది? మెకానిక్ చేతిలో స్పానర్ ఆగిపోయింది.

ఆమె నిన్న ఊళ్ళో దిగిన దగ్గర్నుంచీ అందరూ చూస్తూనే ఉన్నారు. నలభై దాటిన మనిషి. భుజాన సంచి, చెప్పులకి బురద. నది సముద్రంలో కలిసే ఆ చిన్న ఊళ్ళో కొత్తవాళ్ళు సబ్బు కొన్నా సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. పడవల వాళ్ళు పన్నుల ఆఫీసు మనిషన్నారు. లాడ్జి ఆవిడ మొగుణ్ణి వదిలేసి వచ్చిందని తేల్చేసింది. మెకానిక్ కూడా తన వంతు నాలుగు మాటలు కలిపాడు.

“ఎవరి శవమమ్మా?”

“మా నాన్నది.”

 మెకానిక్ స్టూలు తుడిచి ముందుకు జరిపాడు.

వాళ్ళదీ చేపలు పట్టే ఊరేనట. ఇదే నది మీద, బాగా ఎగువన. ఆమె చిన్నప్పుడు ఒక మంచు రోజున తండ్రి వేటకి వెళ్ళాడు. పడవ బోర్లాపడి దొరికింది. మనిషి దొరకలేదు. సెలవు దొరికినప్పుడల్లా ఒక్కో ఊరూ దిగి అడుగుతూ వస్తోంది. ఈ ఊరు దాటితే ఇక సముద్రమే.

“ఇన్నేళ్ళయ్యాక ఎందుకమ్మా ఈ తిరుగుడు?”

“అమ్మ కోసం. ఇప్పటికీ తలుపుకి గడియ వేసుకోదు. గాలికి తలుపు కొట్టుకుంటే నాన్నొచ్చాడని లేచి పొయ్యి వెలిగిస్తుంది. ఇదిగో, ఇక్కడ పూడ్చారని ఒక్క చోటు చూపిస్తే చాలు. ఏడ్చి ఊరుకుంటుంది.”

మెకానిక్ స్పానర్ పక్కన పెట్టాడు. అయినా లేనిది ఎక్కణ్ణుంచి తెస్తాడు?

“ఇక్కడ అలాంటిదేం...”

“ఉంది.”

షెడ్డు వెనక నుంచి వచ్చిందా గొంతు. వలల మధ్య కూర్చున్న వాడి తండ్రిది. భార్య పోయాక కొడుకుతో తప్ప ఎవరితోనూ పెదవి విప్పడు. ఊళ్ళోవాళ్ళు మూగతాత అని ఆటపట్టిస్తారు. అలాంటి మనిషి వలని పక్కకి తోసి లేచాడు.

“వీడు పుట్టకముందు మాట. మేమే పూడ్చాం. రామ్మా.”

బయట మంచు కమ్మేసి ఉంది. ఐసు ఫ్యాక్టరీ గోడ వెంట ముసలాయన ముందు, వాళ్ళిద్దరూ వెనక. పక్కనే నది ఉందని చప్పుడు వల్ల తెలుస్తోంది తప్ప నీళ్ళు కనబడటం లేదు.

గట్టు చివర గడ్డి మొలిచిన ఇసుక దిబ్బ దగ్గర ముసలాయన ఆగాడు.

“ఇక్కడే.”

మెకానిక్ దిబ్బ వంక చూశాడు. అది రేవులో పూడిక తీసి పోసిన ఇసుక. వాడు బడికెళ్ళే రోజుల్లో వాడి కళ్ళముందే పోశారు. నాన్న అబద్ధమాడుతున్నాడు. ఆమె బాధ చూడలేకే కావచ్చు. కానీ ఇలాంటి అబద్ధమా?

“మా నాన్నేనని ఎలా తెలుస్తుంది?” అందామె.

ముసలాయన నది వైపు తిరిగి నిలబడ్డాడు.

“జేబులో చెక్క దువ్వెన ఉంది. రెండు పళ్ళు విరిగి ఉన్నాయి.”

ఆమె ఇసుకలో కూలబడిపోయింది.

“నేనే విరగ్గొట్టాను. ఆ పొద్దున చెంప మీద ఒక్కటిచ్చాడు. అలిగి, వెళ్తుంటే పలకలేదు నేను.”

“కోపముంటే జేబులో పెట్టుకుంటాడా తల్లీ?” అన్నాడు ముసలాయన, నది వైపే చూస్తూ.

ఆమె ఏడ్చింది. ఉన్నట్టుండి ఏడుపు ఆపి, తలెత్తి ఆయన వీపు వంక చూసింది. చాలాసేపు చూసింది. ఆయన ఇటు తిరగలేదు.

గుప్పెడు ఇసుక తీసి కొంగున మూట కట్టుకుంది.

“వెళ్తున్నా నాన్నా” అని లేచింది.

రేవు దాకా మెకానిక్ సంచి మోశాడు. మనసులో ఒకటే పీకులాట. చెప్పకపోతే ఈ పాపం తనకీ చుట్టుకుంటుంది. ఆమె పడవెక్కే ముందు ధైర్యం చేశాడు.

“అమ్మా, నన్ను తిట్టినా సరే. అది సమాధి కాదు.”

“తెలుసు.”

“ఎలా తెలుసు?”

“ఆ దువ్వెన మా ఇంట్లోనే ఉంది. ఆయన ఆ రోజు తీసుకెళ్ళలేదు. అమ్మ ఈ రోజుకీ దాంతోనే తల దువ్వుకుంటుంది.”

“మరి మా నాన్నకెలా తెలుసు, పళ్ళు...”

వాడు మాట ఆపి గట్టు వైపు తిరిగి చూశాడు. 

“అమ్మకి ఈ ఇసుక చూపిస్తాను. ఇకనైనా గడియ వేసుకుని పడుకుంటుంది” అంటూ ఆమె పడవలోకి దిగింది. “నువ్వు ఆయన్నేం అడక్కు. ఇన్నేళ్ళూ బతికుండీ చచ్చినట్టే ఉన్నాడు. ఆ శిక్ష చాలు. చలిగాలిలో కూర్చోనివ్వకు, చూసుకో.”

ఇంజను మొదలైంది.

నాన్న తప్ప నా అన్నవాళ్ళు లేరనుకుంటూ పెరిగినవాడు. లాడ్జి ఆవిడతో కలిసి ఆమెని నానా మాటలూ అన్నవాడు. రేవు మెట్ల మీద కొయ్యలా నిలబడిపోయాడు.

“అక్కా!” అని అరిచేసరికి పడవ మంచులో కలిసిపోయింది.