నెజు గారి లండన్ ప్రయాణం

"మీ అమ్మగారి అడ్రసు ఇవ్వండి సెన్సే. లండన్ దాకా వెళ్ళి గురువుగారి తల్లికి నమస్కారం చెయ్యకుండా తిరిగొస్తే నన్ను మనిషంటారా?" అన్నారు నెజు గారు, పుస్తకాలు సంచిలో సర్దుకుంటూ.

తిబోర్ నల్లబల్ల తుడవడం ఆపేశాడు. "లండన్‌కా? ఎప్పుడు?"

"వచ్చే నెల. మా చెల్లెలు చిజురు ఎన్నాళ్ళనుంచో రమ్మంటోంది. మీరూ వారం వారం ఎప్పుడెళ్తారు, ఎప్పుడెళ్తారు అని అడుగుతూనే ఉన్నారాయె. ఇంకా వెళ్ళకపోతే మీరు చెప్పిన పాఠాలన్నీ ఏట్లో కలిపినట్టే కదా."

"అమ్మ... ఎప్పుడూ ఊళ్ళో ఉండదండీ" అని నసిగాడు తిబోర్.

"ఉన్నప్పుడే వెళ్తాను లెండి. ఆవిడ కోసమని బియ్యపు అప్పడాలు కూడా కొనేశాను."

తిబోర్‌ది లండన్ కాదు. హంగేరీలో ఓ పల్లెటూరు. లండన్‌ని సినిమాల్లో చూడటమే తప్ప ఏనాడూ అక్కడ కాలు పెట్టలేదు. ఇంగ్లీషు బాగానే వచ్చు. కానీ స్టేషనుకి ఎదురుగా ఉన్న ఈ మేడ మీది ఇంగ్లీషు బడిలో పిల్లల్ని చేర్పించేవాళ్ళకి ఇంగ్లీషు వచ్చినవాడు చాలడు, ఇంగ్లీషువాడే కావాలి. అందుకని యజమాని మిజోగుచి 'లండన్ నుంచి వచ్చిన టామ్' అని గుమ్మం మీద బోర్డు రాయించాడు. "ఈ ఊళ్ళో నిన్ను పట్టుకునేదెవరయ్యా?" అన్నాడు. ఉద్యోగం దొరక్క, వీసా గడువు దగ్గర పడుతున్న తిబోర్ మారుమాట్లాడకుండా టామ్ అయిపోయాడు.

నిజంగానే ఎవరూ పట్టుకోలేదు. వచ్చిన చిక్కల్లా నెజు గారితోనే. స్టేషను వెనక లాండ్రీ కొట్టు నడుపుకునే డెబ్బై ఏళ్ళ ఆవిడ. బడిలో చేరేటప్పుడు ఎందుకు నేర్చుకుంటున్నారని అందర్నీ అడుగుతారు. పరీక్ష కోసమని ఒకరంటారు, ఉద్యోగానికని ఇంకొకరంటారు. ఊరికే అనేవాళ్ళెవరూ ఉండరు. ఆ వయసులో అలా అంటే నలుగురూ నవ్వుతారు కూడా. నెజు గారు లండన్‌లో ఉన్న చెల్లెల్ని చూడ్డానికి అని చెప్పి చేరారు.

ఇక అప్పట్నుంచీ పాఠం కన్నా ప్రశ్నలే ఎక్కువ. "లండన్‌లో పొద్దున్నే ఏం తింటారు సెన్సే?" అంటే ఓట్స్ జావ అన్నాడు. అది వాళ్ళ అమ్మమ్మ కాచేది. "ఇళ్ళ వెనకాల ఏముంటుంది?" అంటే బాతుల చెరువు అన్నాడు. ఆ చెరువు వాళ్ళ ఊరిది. పై వారం ఆవిడ వెలిగిపోతున్న ముఖంతో వచ్చేవారు. "మీరు చెప్పింది నిజమే సెన్సే. చిజురు ఇంటి వెనక కూడా బాతులున్నాయి." గాల్లోకి విసిరిన రాయి తగిలిందని ఊపిరి పీల్చుకుని తిబోర్ ఇంకో రాయి విసిరేవాడు. ఇంటికి వెళ్ళాక మాత్రం తిండి సయించేది కాదు. మిగతా వాళ్ళని మోసం చెయ్యడం వేరు. వాళ్ళు అతని మాట సగమే వింటారు. ఈవిడ ప్రతి ముక్కా నమ్మి, దాచుకుని, మళ్ళీ తెచ్చి చూపిస్తారు.

ఆ సాయంత్రం సంగతి చెబితే మిజోగుచి చెవి గోక్కున్నాడు. "ఏదో ఒక వీధి పేరు చెప్పెయ్. తలుపు కొట్టి కొట్టి ఆవిడే తిరిగొస్తుంది."

"చలిలోనా సార్? అప్పడాల డబ్బా పట్టుకునా?"

"అయితే నిజం చెప్పు. బోర్డు పీకేస్తాను. దాంతోపాటు నిన్నూ."

మూడు రోజులు మింగలేక కక్కలేక సతమతమయ్యాడు తిబోర్. వీసా పోతే పోనీ అనుకోవడం తేలిక కాలేదు. కానీ కళ్ళు మూస్తే చాలు, పరాయి దేశంలో తెలియని వీధిలో డబ్బా పట్టుకుని నిలబడ్డ నెజు గారే కనిపించారు. చివరికి లేచి మిఠాయి కొట్టుకి వెళ్ళాడు. వట్టి చేతులతో తప్పు ఒప్పుకుంటే ఆ ఊళ్ళో అది ఇంకో తప్పు.

"క్షమాపణకా అండీ?" కొట్టమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. ముఖం చూస్తేనే తెలిసిపోయింది కాబోలు.

"అవును."

"చాలా పెద్దదా?"

"పెద్దదే."

"అయితే యోకాన్ తీసుకెళ్ళండి. చేతికి బరువుగా ఉంటుంది" అంటూ ఆ చిక్కుడు గింజల మిఠాయి దిమ్మని పెట్టెలో పెట్టి ఇచ్చింది.

లాండ్రీ కొట్టు మూసే వేళకి వెళ్ళాడు. నెజు గారు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, లోపలి గదిలో చాప చూపించారు. అతను కూర్చోలేదు. యోకాన్ పెట్టె ఆవిడ ముందు పెట్టి, మోకాళ్ళ మీద వంగి నుదురు చాపకి ఆనించాడు.

"నాది లండన్ కాదండీ. హంగేరీ. లండన్ నేనెప్పుడూ చూడలేదు. మీకు చెప్పినవన్నీ నోటికొచ్చినట్టు అల్లినవే."

ఆవిడ మెల్లగా అతని ఎదురుగా చాప మీద కూర్చున్నారు.

"బాతులు కూడానా?" అన్నారు నెజు గారు.

"బాతులు కూడా."

"ఓట్స్ జావ?"

"మా అమ్మమ్మది."

ఆవిడ ముఖం పాలిపోయింది. ఇంత పెద్దావిడని బాతులతో మోసం చేశానా అని తిబోర్ సిగ్గుతో చచ్చిపోయాడు.

"రేపే మానేస్తాను. మిజోగుచి గారికి మీరే చెప్పినా సరే. కానీ నా మాటలు నమ్మి మాత్రం బయల్దేరకండి. ముందు మీ చెల్లెలికి ఫోన్ చెయ్యండి. అక్కడ ఆవిడే మీ పక్కనుండి చూసుకోవాలి. నేనే మాట్లాడి, ఆవిడకి కూడా క్షమాపణ చెప్పుకుంటాను."

"ఇప్పుడొద్దు సెన్సే. అక్కడ అర్ధరాత్రి."

"లేదండీ, అక్కడ పొద్దున్న. అదొక్కటీ నాకు నిజంగా తెలుసు. నంబరివ్వండి."

నెజు గారు ఫోన్ వైపు కదల్లేదు. యోకాన్ పెట్టెని రెండు చేతులా అతని వైపుకి తోసి, ఈసారి తనే వంగి చాపకి నుదురు ఆనించారు.

"నాకు చెల్లెలే లేదు సెన్సే."