రాతలు పోయిన రామాయణం

ఏటి వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది.

“బొమ్మలు బతికాయి. రాతలే పోయాయి,” అన్నాడు సినిమా మిషను తిప్పే అతను, రాతల ముక్కలు విడిగా దాచిన తడిసిన డబ్బాని తలకిందులు చేసి. ఫిలిం ముక్కలు ఒకదానికొకటి అంటుకుని ముద్దలా కింద పడ్డాయి.

అవి మూకీల రోజులు. తెర మీద రాముడు పెదవులు కదిపితే, ఏమన్నాడో ఆ వెంటనే అక్షరాల్లో పడేది. ఆ రేకుల షెడ్డుకొచ్చే జనంలో అక్షరం ముక్క వచ్చినవాడు ఒక్కడూ లేడు. అందుకని తెర పక్కన ఒక ముసలాయన నిలబడి, దేవుళ్ళ మాటలన్నీ షెడ్డు మోగేలా వినిపించేవాడు. ఆయన్ని అందరూ పెద్దగొంతు అనేవారు.

యజమాని తల పట్టుకున్నాడు.

“చదవడానికి రాతలే లేకపోతే ఇంక నీతో పనేముంది పెద్దగొంతూ? ఇంటికెళ్ళు.”

పెద్దగొంతు కదల్లేదు. అరవై దాటినవాడికి ఇంకెవరు పనిస్తారు?

“ఈ ఒక్క ఆటా చూడండి బాబుగారూ. రాతలు లేకుండానే లాక్కొస్తా. జనం గోల చేస్తే నేనే పోతా.”

ఎప్పుడూ గేటు వదలని యజమాని ఆ రోజు లోపలికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

అశోకవనంలో సీతమ్మ కూర్చుంది. వేషం కట్టినవాడు మగవాడు. ముంజేతులు దుంగల్లా ఉన్నాయి. అయినా పెద్దగొంతు నోట ఆవిడ మాట వినేసరికి ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. హనుమంతుడు రావణుణ్ణి దులిపేస్తుంటే మగవాళ్ళు బెంచీలెక్కి ఈలలేశారు.

“ఏమయ్యోయ్!” ఆడవాళ్ళ వైపు నుంచి పెద్దగొంతు పెళ్ళామే కేకేసింది. “నిన్న సీతమ్మ ఇంతేసి మాటలనలేదే!”

“నిన్న ఆవిడకింత కోపం రాలేదే!”

షెడ్డంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

ఆట విడిచీ విడవగానే యజమాని వచ్చి ఆయన్ని వాటేసుకున్నాడు.

“రాతలేవీ అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదయ్యా! అయితే అన్నీ నీకు కంఠతా వచ్చన్నమాట. వాటిని కాగితం మీద రాసివ్వు, మళ్ళీ ఫిలిం మీదికి ఎక్కిద్దాం. రాసిచ్చావా, ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ ఈ పని నీదే.”

పెద్దగొంతు కాసేపు మీసం దువ్వుకున్నాడు.

“రాస్తా. ఆర్నెల్లు పడుతుంది.”

“యాభై ముక్కలకి ఆర్నెల్లా!”

“దేవుళ్ళ మాటలు బాబుగారూ. ఆదరాబాదరాగా రాస్తే కళ్ళు పోతాయి.”

యజమాని మెత్తబడ్డాడు. “అదీ నిజమేలే. ఈ కాలంలో అంత భక్తి ఎవరికుంది? సరే, అందాకా నోటితోనే కానివ్వు.”

ఇంటిదాకా పెద్దగొంతు పెళ్ళాం నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వుతూనే నడిచింది.

“చాల్లే, నడు,” అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే పెద్దగొంతు బళ్ళో ఒకటో తరగతిలో కూర్చుని ‘అ’ దిద్దాడు.