చిలక పలికిన పేరు

చిలక మళ్లీ గోల మొదలుపెట్టింది. గింజలు పెట్టే చేతినే కరిచే ఆ పొగరుబోతు, అరుగు మీది పంజరంలో రెక్కలు కొట్టుకుంటూ చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. కీళ్లు పట్టేసి లేవలేని రంగనాయకి విసుగ్గా అటు తిరిగి, అప్పుడు చూసింది. రెండేళ్ల మనవడు గట్టులేని మోటబావి వైపు నడుస్తున్నాడు.

“చిట్టయ్యా! నిల్లురా!”

ముద్దుపేరుకి వాడెప్పుడూ ఆగడు. అసలు పేరుతో గద్దిస్తేనే ఆగుతాడు. వాడిది తాత పేరు. అది రంగనాయకి నోట రాకూడదు. మొగుడి పేరు పెళ్లాం పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుంది. ఆయనేమో ఈ అన్నూరు నుంచి ధాన్యం బండితో కుంపిణీ దొరల పటాలం వెంట యుద్ధానికి వెళ్లి నెలైంది.

బావి ఇంకా నాలుగడుగులు. చిలక అరుస్తూనే ఉంది.

“వెంకటపతీ!”

వాడు ఆగి వెనక్కి తిరిగాడు. పత్తిచేలోంచి పరుగెత్తుకొచ్చిన కోడలు వాణ్ణి ఎత్తుకుని అరుగు దగ్గరికి వచ్చింది.

“ఎవురత్తా పిలిచింది?”

రంగనాయకి కొంగుతో నోరు మూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“చిలకేనే,” అంది చివరికి. “చిలకే పిలిచింది.”

కోడలు పంజరం వైపు చూసింది. ఐదేళ్లుగా అరవడం, కరవడం తప్ప అది ఒక్క మాటా నేర్వలేదు.

ఆమె లోపలి నుంచి పండుమిరపకాయ తెచ్చి దాని ముక్కుకి అందించింది.

“ఊర్లో అందరికీ చెప్తానత్తా,” అంది, ఇంట్లోని దేవుడి గూటికి వినపడేంత గట్టిగా. “మామ పేరు పలికింది చిలకే.”